చెయ్యి ఎంత ఎత్తు లేస్తే చాలు?

చోడవరం చుట్టుపక్కల పని అంటే చేతుల పని. పక్కనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం ఉంది, అటు అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు ఉంది. ఈ రెండింటికీ వెళ్లే చెరకు, ముచ్చెలు నాటిన రోజు నుంచి నరికి బండికెత్తే రోజు దాకా, చాలావరకు మనిషి భుజం మీదే నడుస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది గాని, రెక్కాడితే గాని డొక్కాడని బతుకు ఏ జిల్లాలోనైనా ఒకటే. అలాంటి చోట కూడా "జబ్బ పట్టేసింది", "చెయ్యి పైకి లేవట్లేదు" అన్న మాట ఆసుపత్రి దాకా వెళ్లడం తక్కువ. అది జబ్బా, వయసుతో వచ్చే మామూలు బాధా అన్నదే ఈ సంవాదం. మాట్లాడే ఇద్దరూ కల్పితులు. ఒకరు అరవై దాటిన చెరకు రైతు, మరొకరు ఫిజియోథెరపీ చదివి అదే పని చేస్తున్న ఆయన మేనకోడలు. వాళ్ల నోట వచ్చే అధ్యయనాలు, అంకెలు మాత్రం కల్పితాలు కావు. నేను మేనకోడలి పక్షమేనని ముందే చెబుతున్నాను. అయినా మావయ్య మాటలు తీసి పారేసేవి కావు. మన ఊళ్లలో నూటికి తొంభై మంది అనుకునేది ఆయన అంటున్నదే. వాటికి నిలబడే జవాబు లేకపోతే నా పక్షానికి విలువ లేదు.

మావయ్య: జబ్బ పట్టేయడం కొత్తదేటమ్మా? నలభై అయిదు, యాభై దాటిన మనుషులున్న ఏ వీధిలో అడిగినా ఒకరిద్దరు చెబుతారు. రాత్రిళ్లు ఆ పక్కకి తిరిగి పడుకోలేరు, చెయ్యి ఎత్తలేరు. కొన్నాళ్లు బాధ పడతారు, ఏడాదికో రెండేళ్లకో దాని దారిన అది పోతుంది. గుండె కాదు, కిడ్నీ కాదు, ప్రాణం తీసేది అసలే కాదు. బీపీకి, షుగరుకి, పిల్లల చదువుకి, చెరకు పెట్టుబడికి డబ్బు సర్దుకోవడమే కష్టంగా ఉన్న ఇంట్లో, భుజం నొప్పికి ఆటో కట్టించుకుని ఊళ్లు తిరగమంటే ఎవరికి కుదురుతుంది? వావిలాకు వేసిన వేడినీళ్లతో కాపడం పెట్టుకుంటారు, నువ్వుల నూనె రాసుకుంటారు. దాన్ని మీరు ఫ్రోజెన్ షోల్డర్ అని ఒక పెద్ద పేరు పెట్టి భయపెడుతున్నారనే నేననుకుంటాను.

మేనకోడలు: ప్రాణం తీయదు, ఒప్పుకుంటాను మావయ్యా. ప్రాణం తీసేదే జబ్బు అనుకుంటే కంట్లో శుక్లం కూడా జబ్బు కాదు. కన్ను కనబడకపోతే ఏం పోతుందో అందరికీ తెలుసు గనక శుక్లానికి వెంటనే వెళతారు. చెయ్యి లేవకపోతే ఏం పోతుందో ఎవరూ కూర్చుని లెక్క చూడరు. నేనడిగేది ఆ లెక్క. ఆరోగ్యంగా ఉన్న చెయ్యి ముందు నుంచి పైకి 180 డిగ్రీల దాకా, అంటే చెవికి ఆనుకునేలా, లేస్తుంది. రోజువారీ పనులకు అంత అక్కర్లేదు. 2012లో అమెరికాలో కొందరు వైద్యులు మామూలు మనుషుల చేత తల దువ్వించి, వీపు రుద్దించి, పై అరలో వస్తువులు పెట్టించి, ఏ పనికి భుజం ఎంత కదులుతుందో కొలిచారు. అవన్నీ చేసుకోవాలంటే చెయ్యి ముందుకు సుమారు 120 డిగ్రీలు, పక్కకు అంతకంటే కాస్త ఎక్కువ లేవాలి, వెనక్కి 45 దాకా పోవాలి, బయటికి 60 దాకా తిరగాలి అని తేలింది. పట్టేసిన భుజం చాలామందిలో 90 దగ్గరో, ఇంకా కిందో ఆగిపోతుంది. బయటికి తిరగడమైతే ఇంచుమించు ఉండనే ఉండదు. బకెట్లోంచి చెంబుతో నీళ్లు ముంచి నెత్తిన పోసుకునే పనిని చూడు. మోచెయ్యి చెవి దాకా లేవాలి, అక్కడ భుజం బయటికి తిరగాలి, అప్పుడే చెంబు నడినెత్తి మీద వంగుతుంది. చెయ్యి లేవని మనిషి తలనే చెంబు దగ్గరికి వంచుతుంది, నీళ్లు మెడ పక్కనుంచి జారిపోతాయి, వీపు తడవదు. జడ అల్లుకోవాలంటే రెండు చేతులూ తల వెనక ఒకేచోట కొన్ని నిమిషాలు నిలవాలి. జాకెట్టు తొడుక్కోవాలంటే రెండో చెయ్యి వెనక్కి వెళ్లి వేలాడే చేతిబట్టను వెతుక్కోవాలి. తడి చీర దండెం మీద వెయ్యడం, అటక మీంచి గిన్నె దించడం, బస్సులో పై కడ్డీ పట్టుకోవడం, ఇవన్నీ ఆ 90కీ 120కీ మధ్య ఉన్నాయి. ముప్పయ్యే డిగ్రీలు. ఒక రోజు గడవడానికి కావలసిన పనుల్లో చాలా వాటికి చోటు అక్కడే ఉంది.

ఎందుకిలా అవుతుందో కూడా చెబుతాను. భుజం బంతిలాంటి ఎముక తల ఒక పల్లపు గిన్నెలో తిరిగే కీలు. దాన్ని చుట్టి ఒక పొర ఉంటుంది. జాకెట్టు కుట్టేవాళ్లు చంక దగ్గర బట్ట కాస్త వదులు ఉంచకపోతే, భుజాల దగ్గర ఎంత బాగా కుదిరినా చెయ్యెత్తగానే పట్టేస్తుంది చూడు, ఈ పొర కూడా అంతే. కింది వైపు దానికి సహజంగా ఒక మడత ఉంటుంది, చెయ్యెత్తినప్పుడు ఆ మడత విప్పుకుంటుంది. ఈ జబ్బులో ముందు పొర వాస్తుంది, తర్వాత మందంగా, బిరుసుగా మారి ముడుచుకుపోతుంది. ముందు వైపు ముడుచుకుపోవడం వల్లే బయటికి తిరగడం అన్నిటికంటే ముందు పోతుంది. 1934లో బోస్టన్‌లో కాడ్‌మన్ అనే వైద్యుడు దీనికి ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టాడు, 1945లో నెవియాజర్ అనే ఆయన కీలు పొరలో జరిగేదేమిటో వర్ణించాడు. అంటే ఇది నిన్న మొన్న ఎవరో వ్యాపారానికి కనిపెట్టిన పేరు కాదు.

మావయ్య: కొలతలు బాగానే ఉన్నాయి. కానీ మనిషి కొలబద్ద పెట్టుకుని బతకడు కదమ్మా. ఒక చెయ్యి లేవకపోతే రెండో చెయ్యి ఉంది. దండెం మీద అందకపోతే గోడ మీద ఆరేస్తారు. జడ కుదరకపోతే ముడి వేసుకుంటారు, లేకపోతే కూతురో కోడలో వేస్తుంది. మనది నలుగురూ ఉన్న ఇల్లు, ఒకరికి చెయ్యి లేకపోతే ఇంకొకరి చెయ్యి. పరాయి దేశాల్లో ఒంటరిగా బతికేవాళ్లకి ఈ లెక్కలు కావాలేమోగాని, మనకేటి?

మేనకోడలు: సర్దుకుంటారు, అందులో అనుమానం లేదు. నేను చెప్పబోయేదీ అదే. ఈ సర్దుబాటే జబ్బును కనబడకుండా చేస్తోంది. చెయ్యి పైకెత్తేటప్పుడు భుజం కీలు ఒక్కటే పని చేయదు, వీపు మీది రెక్క ఎముక కూడా జరుగుతుంది. 1944లో ఇన్మన్, ఆయన తోటివాళ్లు కొలిచి చెప్పిన లెక్క ప్రకారం, మొత్తం మీద కీలు రెండు డిగ్రీలు కదిలితే రెక్క ఎముక ఒక డిగ్రీ కదులుతుంది. కీలు బిగుసుకుపోతే ఆ లోటంతా రెక్క ఎముకే పూడ్చాలి. అందుకే చెయ్యి లేవని మనిషి భుజాన్ని చెవి దాకా ఎగరేస్తుంది, నడుము పక్కకు వంచుతుంది. దూరం నుంచి చూస్తే చెయ్యి లేచినట్టే ఉంటుంది. కొన్ని నెలలకు మెడ నొప్పి, వీపు నొప్పి మొదలవుతాయి, అప్పుడు మెడకు మందు వాడతారు. మంచి చెయ్యి రెండు చేతుల పని చేస్తూ ఉంటుంది, కొందరిలో కొన్నేళ్లకు ఆ భుజానికీ ఇదే వస్తుంది. సర్దుబాటు ఉచితం కాదు మావయ్యా, ఎక్కడో ఒకచోట దాని ఖరీదు కడుతూనే ఉంటారు.

ఇంకో మాట. కోడలు జడ వేస్తుంది, నిజమే. కానీ అన్నిటికీ ఇంకొకరిని పిలవలేరు. పట్టేసింది ఎడమ భుజమైతే మరుగుదొడ్డికి వెళ్లాక నీళ్లతో కడుక్కోవడం ఎలా? చెయ్యి తుంటి వెనక్కి వెళ్లాలి, లోపలికి తిరగాలి. ఈ జబ్బులో ఆ కదలిక కూడా పోతుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి ఈ మాట ఎవరికి చెబుతుంది? డాక్టరు దగ్గర కూడా "నొప్పండీ" అని ఊరుకుంటుంది. భుజం వైద్యంలో వాడే ప్రశ్నపత్రాలున్నాయి. 1991లో వచ్చిన స్పాడి అనే దాంట్లో 13 ప్రశ్నలు ఉంటాయి. తల స్నానం ఎలా చేస్తున్నారు, వీపు ఎలా రుద్దుకుంటున్నారు, ప్యాంటు వెనక జేబులోంచి వస్తువు తీయగలరా, ఇలాంటివి. అమెరికా భుజం, మోచేయి సర్జన్ల సంఘం వాళ్ల పత్రంలో మరుగుదొడ్డి సంగతి కూడా సూటిగా అడుగుతారు. మన దగ్గర వెనక జేబు ప్రశ్న సగం మందికి పనికిరాదు. జడ, బిందె, దండెం, చెంబు, పైట, చెరకు మోపు, ఇవి పెట్టి అడగాలి. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, చెప్పకపోతే అది లేనట్టే అవుతుంది. నువ్వు "మనకేటి" అన్నావు చూడు, మన లెక్క ఎవరూ రాయకపోవడం వల్లే అలా అనిపిస్తోంది.

మావయ్య: సరే, ఆ బాధ ఉందనే ఒప్పుకుందాం. ఆడవాళ్లు నోరు విప్పరన్నదీ నిజమే. అయినా నా మొదటి మాట అలాగే ఉంది. దానంతటది తగ్గేదానికి ఇంత హడావిడి ఎందుకు? నేనొక్కణ్ణే కాదు, డాక్టర్లే అంటారు కదా, ముందు నొప్పి, తర్వాత బిగుసుకుపోవడం, ఆ తర్వాత వదలడం అని. వదిలేదాకా ఓపిక పట్టమంటారు.

మేనకోడలు: అనేవాళ్లు. ఆ మూడు దశల మాట 1975లో రీవ్స్ అనే ఆయన రోగుల్ని ఏళ్ల తరబడి గమనించి రాసిన దాంట్లో బలపడింది. ఆయన చూసినవాళ్లలో కూడా జబ్బు సగటున రెండున్నరేళ్లు సాగింది. రెండున్నరేళ్లంటే రెండు చెరకు పంటలు దాటిపోయే కాలం. 1992లో షాఫర్, ఆయన తోటివాళ్లు 62 మందిని సగటున ఏడేళ్ల తర్వాత పిలిచి చూశారు. సగం మందికి ఇంకా కొద్దో గొప్పో నొప్పో బిగువో ఉంది. 2008లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఇంకో లెక్కలో, సగటున నాలుగేళ్లు దాటాక 41 శాతం మంది బాధ పూర్తిగా పోలేదన్నారు. 2017లో పాత అధ్యయనాలన్నీ వెతికి చూసినవాళ్లు, వైద్యం లేకుండానే ఈ జబ్బు చివరికి పూర్తిగా వదిలిపోతుందనడానికి సరైన ఆధారం దొరకలేదని రాశారు. ఉన్న మెరుగు కూడా ఎక్కువగా మొదటి నెలల్లోనే వస్తుందట.

నీ వైపు ఉన్న ఆధారం కూడా దాచను. ఆక్స్‌ఫర్డ్ లెక్కలో బాధ మిగిలినవాళ్లలో ఎక్కువమందికి అది కొద్దిపాటిదే, తీవ్రంగా ఉన్నది చాలా తక్కువమందికి. షాఫర్ చూసిన 62 మందిలో కూడా పనులకు ఆటంకం మిగిలింది ఏడుగురికే. కాబట్టి చాలామంది బాగుపడతారు, అంతవరకు నువ్వన్నది నిజం. కానీ ఆ ఏడుగురి సంఖ్య ఎలా వచ్చింది? కదలిక తక్కువగా ఉన్నవాళ్లు 62లో 37 మంది. వాళ్లలో చాలామందికి అది అడ్డం కాలేదు, ఎందుకంటే వాళ్ల బతుకు అంత కదలిక అడగలేదు. కుర్చీలో కూర్చుని పని చేసేవాడికి పదిహేను డిగ్రీలు తగ్గినా తెలియదు. చెరకు మనిషెత్తు దాటాక జడచుట్లు వేసేవాడికి తెలుస్తుంది. ఆకుల్ని మెలిపెట్టి గెడల చుట్టూ బిగించి పక్క వరస చెరకుతో కలిపి కట్టేటప్పుడు రెండు చేతులూ తలకంటే పైనే ఉంటాయి, గంటల తరబడి. తుపానులొచ్చే తీరంలో ఆ పని మానితే చెరకు పడిపోతుంది, 2014 అక్టోబరు హుద్‌హుద్ తర్వాత ఆ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో బాగుపడ్డట్టు లెక్కకొచ్చిన అదే భుజం చోడవరంలో పనికి చాలకపోవచ్చు. బాగుపడటం అంటే ఏమిటో ఆ మనిషి చేసే పనిని బట్టి తేల్చాలి.

మావయ్య: జడచుట్ల మాట ఎత్తావు గనక అడుగుతున్నా. చెరకు కొట్టే ముఠాల్లో ఈ జబ్బున్నవాణ్ణి నువ్వు చూశావా? మోపులు నెత్తిన పెట్టుకుని లారీ ఎక్కించేవాడికి జబ్బ పట్టడం నేను చూడలేదు. ఒళ్లు వంచి పని చేసేవాడికి ఇవి రావు. వచ్చినా ఆపకుండా పని చేస్తే ఆ పట్టు అదే వదులుతుంది. మా పెద్దవాళ్ళు పట్టేసిన చేతిని పట్టుకుని ఒక్క లాగు లాగేవారు. ఇప్పటివాళ్లకి నొప్పి అనగానే విశ్రాంతి.

మేనకోడలు: ముఠాలో కనబడరు, ఎందుకంటే ఉండరు. మోపు ఎత్తలేనివాణ్ణి మర్నాడు ముఠాలో ఎవరు పెట్టుకుంటారు? వాడు మేకలు కాసుకుంటూనో, అరుగు మీద కూర్చునో ఉంటాడు. పనిలో మిగిలినవాళ్లను మాత్రమే చూసి పని చేస్తే జబ్బు రాదని తేల్చడం ఎప్పుడూ తప్పు దారే పట్టిస్తుంది. కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధించేవాళ్లు ముందు జాగ్రత్త పడేది ఈ విషయంలోనే. పైగా భుజం పట్టేసిన ప్రతి ఒక్కరికీ జబ్బు ఒకటే కాదు. బరువులెత్తేవాళ్లలో భుజం చుట్టూ ఉన్న కండరాల స్నాయువులు చిరగడం ఎక్కువ. అలాంటివాడు తనంతట తాను చెయ్యెత్తలేడు, ఇంకొకరు మెల్లగా ఎత్తితే లేస్తుంది. కీలు పొర ముడుచుకుపోయినవాడికి ఎవరు ఎత్తినా లేవదు. ఈ తేడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మోచెయ్యి డొక్కకు ఆనించి, ముంజెయ్యి ముందుకు చాపి, తలుపు తెరిచినట్టు బయటికి తిప్పాలి. ఒక చెయ్యి తిరిగి రెండోది మొదట్లోనే గట్టిగా ఆగిపోతే, ఇంకొకరు తిప్పినా కదలకపోతే, ఎక్స్‌రేలో ఏమీ తేడా లేకపోతే, అది ఇదే. ఎడమ జబ్బ నొప్పితో పాటు చెమటలు పట్టినా, గుండె బరువెక్కినా, ఊపిరాడకపోయినా ఈ పరీక్షలేవీ చేస్తూ కూర్చోకూడదు, అప్పుడు నేరుగా ఆసుపత్రికే.

లాగడం మాటకొస్తే, ఇందులో మీ పెద్దవాళ్లూ, నేను చదువుకున్న రోజుల్లోని కొందరు ఫిజియోలూ ఒకే తప్పు చేశారు. 2004లో నెదర్లాండ్స్‌లో డీర్క్స్, స్టీవెన్స్ అనే ఇద్దరు 77 మందిని రెండేళ్లు గమనించారు. ఒక వర్గానికి నొప్పి దాటినా సరే గట్టిగా సాగదీసే ఫిజియోథెరపీ చేశారు. రెండో వర్గానికి జబ్బేమిటో వివరించి, నొప్పి పెట్టనంత మేరకు చెయ్యి ఊపుకోవడం, ఓర్చుకోగలిగిన పనులు చేసుకోవడం మాత్రం చెప్పారు. రెండేళ్లకు రెండో వర్గంలో 89 శాతం మంది దాదాపు మామూలు స్థితికి వచ్చారు, గట్టిగా లాగినవాళ్లలో 63 శాతమే. వాచి ఉన్న పొరను లాగితే అది ఇంకా రేగుతుంది. అలాగని చెయ్యి కట్టుకుని కూర్చోమనీ నేననను. ముందుకు వంగి, చెయ్యి వేలాడదీసి చిన్న చిన్న సున్నాలు తిప్పాలి. గోడ మీద వేళ్లను పాకిస్తూ రోజూ ఎంత ఎత్తు చేరిందో గీత గీయాలి. నూతి గిలకకు తాడేసి, మంచి చేత్తో లాగుతుంటే రెండోది లేస్తుంది. నువ్వు చెప్పిన కాపడం వీటికి ముందు పెడితే మంచిదే, నొప్పి సడలుతుంది. పనిని పూర్తిగా మానమనడం లేదు, మొండిగా చేయమనడం లేదు. ఈ రెండింటి మధ్య దారి ఉందని ఆ లెక్క చెబుతోంది.

మావయ్య: అలా అయితే మీ ఆసుపత్రులెందుకు? సున్నాలు తిప్పుకోవడానికి, గోడ మీద గీతలు గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. అక్కడికి వెళితే ఎమ్మారై అంటారు, సూదంటారు, మత్తిచ్చి చెయ్యి విరుస్తామంటారు, కెమెరా పెట్టి కోస్తామంటారు. వేలకు వేలు. నా అనుమానం మొదటి నుంచీ దీని మీదే.

మేనకోడలు: నీ అనుమానానికి కారణం ఉంది. చాలామందికి ఎమ్మారై అక్కర్లేదు. చేత్తో పరీక్షించి, ఒక ఎక్స్‌రే తీస్తే చాలు. ఆపరేషన్ల సంగతి చెప్పాలంటే, 2020లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. బ్రిటన్‌లోని 35 ఆసుపత్రుల్లో 503 మందిని మూడు వర్గాలు చేశారు. కొందరికి మత్తిచ్చి చెయ్యి కదిలించారు, కొందరికి కెమెరా ఆపరేషన్ చేశారు, కొందరికి స్టెరాయిడ్ సూదితో పాటు క్రమం ప్రకారం ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాదికి మూడు వర్గాలూ బాగా మెరుగయ్యాయి, ఒకటి ఇంకోదాన్ని చెప్పుకోదగ్గంత మించలేదు. ఖర్చు తక్కువైనది ముందు చెయ్యడమే న్యాయమని నేను దీన్నుంచి అర్థం చేసుకుంటున్నాను. సూది సంగతి వేరు. మొదటి నెలల్లో, నొప్పితో నిద్రలేని దశలో, కీల్లోకి ఒక స్టెరాయిడ్ సూది వేస్తే కొన్ని వారాల పాటు బాధ బాగా తగ్గుతుందని 2020లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన లెక్క చెప్పింది. ఆ వ్యవధిలో వ్యాయామం సాగుతుంది. ఆలస్యమైతే ఆ లాభం తగ్గుతుంది. నేను త్వరగా వెళ్లమనడానికి ఒక కారణం ఇది.

ఇంకో కారణం కూడా ఉంది, అది భుజం కంటే పెద్దది. షుగరున్నవాళ్లలో ఈ జబ్బు లేనివాళ్లకంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువని 2016లో 18 అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. ఇంకోవైపు నుంచి చూస్తే, భుజం పట్టేసినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి షుగరుంది. 2023లో ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగరుంది, ఇంకో 13 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. చాలామందికి తమకు షుగరున్నట్టు తెలియనే తెలియదు. చెయ్యి లేవట్లేదని వచ్చిన మనిషికి షుగరు పరీక్ష చేస్తే, కళ్లూ కిడ్నీలూ పాడవకముందే అది బయటపడే అవకాశం ఉంది. థైరాయిడ్ కూడా చూడాలి. ముప్పై దాటినవాళ్లకు ఈ షుగరు పరీక్ష ఊళ్లోనే ప్రభుత్వం తరఫున ఉచితంగా చేస్తారు, దానికి ఆటో అక్కర్లేదు. షుగరుంటే స్టెరాయిడ్ సూది వేశాక కొద్ది రోజులు అది పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నీకు ప్రాణం మీదికొచ్చే జబ్బులే ముఖ్యమైతే, వాటిలో ఒకదాన్ని పట్టిచ్చే దారి ఈ భుజమే.

మావయ్య: షుగరు మాట కాదనలేను. అది ఈ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉంది. మరి కూలి సంగతి చెప్పు. చెరకు కోత టన్నుకింత అని ముఠా లెక్క. ఒకడు మెల్లగా చేస్తే అందరి కూలీ తగ్గుతుంది. నీ నొప్పి పెట్టనంత మేరకు అన్న మాట మేస్త్రి దగ్గర చెల్లదు. రెక్క ఆడకపోతే వారం గడవనివాడికి నువ్వు చెప్పే మధ్య దారి ఎక్కడుంది?

మేనకోడలు: నీ అభ్యంతరాలన్నిటిలో ఇదే గట్టిది. దీనికి నా దగ్గర మందు లేదు, ఒక ఏర్పాటు మాత్రం ఉంది. చెరకు పనులన్నీ తల పైన జరిగేవి కావు. మొదలు దగ్గర నరకడం, ఆకు దూయడం, కూర్చుని ముచ్చెలు కొట్టడం నడుము దగ్గరో దాని కిందో జరుగుతాయి. మోపు ఎత్తడం, లారీ మీదికి అందించడం, జడచుట్లు మాత్రమే చెయ్యి పైకి అడిగేవి. లారీ దగ్గర ఉండేవాడూ, మొదలు నరికేవాడూ చోట్లు మార్చుకుంటే టన్నుల లెక్క పెద్దగా మారదు. అదీ నొప్పి ఎక్కువగా ఉండే కొన్ని నెలలకే. దాన్ని కోతలు మొదలవకముందు అడగాలి, పని మధ్యలో ఎవరూ వినరు. అందరు మేస్త్రులూ ఒప్పుకుంటారని నేను చెప్పలేను. ఒప్పుకోనిచోట ఆ మనిషికి నష్టమే. ఆ నష్టాన్ని తక్కువ చేసి చూపే హక్కు నాకు లేదు. అందుకే ముందుగా పట్టుకోవాలంటున్నాను. రెండు నెలల్లో తగ్గే మార్గమున్న నొప్పిని ఏడాది నాన్చితే పోయే కూలి ఇంకా ఎక్కువ.

మావయ్య: మేస్త్రిని అడగొచ్చు. మగవాడైతే అడుగుతాడు కూడా. అదే ఆడమనిషికైతే పొలంలో పని మార్చినా ఇంటికొచ్చాక ఎవరు మారుస్తారు?

మేనకోడలు: ఇంట్లోవాళ్లు మార్చాలి, అందులో నువ్వూ ఉన్నావు. ఇందాక కోడలు జడ వేస్తుందన్నావు. కోడలు మీదికి తోసేయడం పని మార్చడం కాదు, ఇంకో భుజం మీద పెట్టడం. ఇంట్లో ఎవరికి జబ్బ పట్టినా ముందు చెయ్యాల్సినవి ఇవి. దండెం ఛాతీ ఎత్తుకు దించాలి. రోజూ వాడే డబ్బాలు అటక మీంచి, పై అరల్లోంచి తీసి నడుము ఎత్తున పెట్టాలి. బిందె నిండా నీళ్లు మోయడం మగవాళ్లు తీసుకోవాలి. స్నానానికి బకెట్టు నేల మీద కాకుండా ఎత్తు పీట మీద పెట్టి, మగ్గు చిన్నది ఇవ్వాలి. చొక్కాకైనా జాకెట్టుకైనా పట్టేసిన చేతిని ముందు దూర్చి, మంచి చేతిని తర్వాత తొడగాలి, విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు రావాలి. రాత్రి పట్టేసిన చెయ్యి కింద దిండు పెట్టాలి. వీటికి డబ్బు అక్కర్లేదు, ఆసుపత్రీ అక్కర్లేదు.

మావయ్య: బిందె సంగతి వీధి కుళాయి దగ్గర నలుగురు మగవాళ్లు ఒప్పుకుంటే అప్పుడు చూడాలి. దండెం, డబ్బాలు మాత్రం నా చేతిలో పనే. రెండేళ్లలో తగ్గిపోతుందన్న నా మాట నేను పూర్తిగా వదులుకోవడం లేదమ్మా. కానీ ఆ రెండేళ్లూ ఎలా గడుస్తాయని ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదు. అది మాత్రం అడగాల్సిందే.